ఆన్‌లైన్ తరగతిలోని చర్చకు మార్కులు వేయు విధము

మన పాఠశాలలో చదువు ముగించి కళాశాలలకు, విశ్వవిద్యాలయములకు వెళ్ళిన పిల్లల తలిదండ్రులు కొందరు ఈ నడుమ నన్ను ఒకే ప్రశ్న అడుగుచున్నారు. మార్కుల కాగితములో పరీక్షకు ఇన్ని, అసైన్‌మెంటుకు ఇన్ని అని ఉండుట వారికి తెలిసినదే. వాని క్రింద "చర్చలో పాల్గొనుట" అని మరియొక వరుస కనబడుచున్నది. దాని కెదురుగా పదికి మూడో, నాలుగో వేసియుండును. "మాస్టారూ, మా పిల్ల వేళకు తరగతికి కూర్చుంటుంది. ఇమ్మన్నవన్నీ రాసి ఇచ్చింది. ఈ చర్చ ఎక్కడ జరిగింది? ఇంట్లో ఎవ్వరమూ వినలేదే!" అని ఒక తల్లి అడిగినది. ఆమె మాటలో తప్పు లేదు. ఆ చర్చ చెవికి వినబడునది కాదు. అది వ్రాతలో జరుగును.

ఆన్‌లైన్ తరగతి యనగా తెరమీద ఉపాధ్యాయుని ముఖము కనబడుచుండ పాఠము వినుట యని చాలమంది తలంతురు. అది ఒక భాగము మాత్రమే. ఉపాధ్యాయుడు తరగతికి చెందిన పుటలో ఒక ప్రశ్న వ్రాసి పెట్టును. విద్యార్థులు తమకు వీలైన వేళ, ఒక వారము లోపల, దాని క్రింద తమ అభిప్రాయము వ్రాయుదురు. ఒకరు వ్రాసిన దానికి మరియొకరు బదులు వ్రాయుదురు. ఇట్లు వ్రాసిన ప్రతి ఒక్కదానిని పోస్టు అందురు. మన చిన్ననాడు పోస్టు అనిన ఉత్తరము గదా! ఇదియు ఉత్తరమే, కాని ఒక్కరి పేర గాక తరగతి యంతటికి వ్రాసినది.

ఈ పద్ధతి కరోనా వచ్చి 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు పుట్టినది కాదు. ఆస్ట్రేలియా దేశీయుడైన మార్టిన్ డూగియామస్ 2002లో విడుదల చేసిన మూడుల్ అను సాధనములో ఇట్టి చర్చావేదిక ఆదినుండియు ఉన్నది. దానిని వెల లేకుండ వాడుకొనవచ్చును గనుక మన దేశములోను అనేక కళాశాలలు వాడుచున్నవి. భారత ప్రభుత్వము 2017 జూలై 9వ తేదీన ప్రారంభించిన స్వయం అను వేదికకు నాలుగు అంగములు కలవు: దృశ్యపాఠము, చదువుకొను పాఠ్యము, సందేహములు తీర్చుకొనుటకు చర్చ, మూల్యాంకనము. ఒక సెమిస్టరులో నూటికి నలువది వంతుల వరకు పాఠ్యాంశములను స్వయం ద్వారా చదువుకొనుటకు యూజీసీ 2021లో అనుమతించినది. అయితే అందలి ఎన్‌పీటెల్ పాఠములలో మార్కులు సాధారణముగా అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75గా ఉండును. చర్చకు ప్రత్యేకముగా మార్కులు లేవు. కళాశాలలు తామై నడుపు తరగతులలో మాత్రము ఇంటర్నల్ మార్కులనుండి కొంత భాగము చర్చకు కేటాయించుట ఉన్నది. ఎంత, ఏ లెక్కన అనునది ఆయా కళాశాలను బట్టియు, తరచుగా ఆయా ఉపాధ్యాయుని బట్టియు మారును. చిక్కంతయు ఇక్కడనే పుట్టుచున్నది. ఆ చిక్కునకు నేనును ఒకప్పుడు కారకుడనైతిని గనుక దానినే ముందుగా చెప్పెదను.

2020–21 విద్యాసంవత్సరములో నేను ఒక కళాశాలలో రాజనీతిశాస్త్రము చెప్పుచుంటిని. తరగతిలో అరువదిరెండు మంది. ఎదుట కూర్చున్నప్పుడు ఎవరికి అర్థమైనదో, ఎవరు కిటికీవైపు చూచుచున్నారో ముఖములే చెప్పును. తెరమీద ఆ యాధారము లేదు. కావున ప్రతి వారము ఒక ప్రశ్న పెట్టి, దానికి పది మార్కులు నిర్ణయించితిని. ఒక్కొక్క పోస్టుకు రెండు మార్కులు, ఐదు పోస్టులకు పది, ఒక్కొక్కటి యేబది మాటలకు తగ్గరాదు. ఇదియే నా నియమము. ఎవరు ఎన్ని వేసిరో యంత్రమే లెక్కించి పట్టిక యిచ్చును. పక్షపాతము లేదు, నాకు శ్రమయు లేదు. ఆ రెండవ కారణమే నిజమైన కారణమని నేడు ఒప్పుకొనుచున్నాను.

ఒక వారము పెట్టిన ప్రశ్న మనకు దగ్గరిది. రాజ్యాంగములోని 30వ అధికరణము భాషను బట్టి గాని మతమును బట్టి గాని అల్పసంఖ్యాకులైన వారికి తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కు నిచ్చుచున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బలము గలది? ఇది ప్రశ్న.

ప్రశ్న పెట్టిన గంటలోనే పోస్టులు వచ్చినవి. ఒక కుర్రవాడు ఆ వారములో తొమ్మిది వేసెను. "చాలా బాగా చెప్పావు, నేను నీతో ఏకీభవిస్తున్నాను. అల్పసంఖ్యాకులకు విద్య ఎంతో అవసరం. విద్య లేనిదే అభివృద్ధి లేదు" అను ధోరణిలో ఒక్కొక్కటి సరిగా యేబది మాటలకు చేర్చి, తొమ్మిదిమందికి తొమ్మిది వ్రాసెను. రాత్రివేళ అవ్వ కథ చెప్పుచుండగా పిల్లలు ఊ కొట్టుదురు గదా, ఇది అట్టిదే. ఊ కొట్టువాడు కథ వినుచున్నాడనియు చెప్పలేము, నిద్రలో ఉన్నాడనియు చెప్పలేము. ఆ కుర్రవానికి పదికి పది వచ్చినవి.

అదే తరగతిలో మన పాఠశాలలో చదివిన అమ్మాయి ఒకతె ఉండెను. ఆమె నాలుగవ దినము వరకు ఏమియు వ్రాయలేదు. నాలుగవ దినమున ఒక పోస్టు, ఆరవ దినమున ఒక పోస్టు, ఆ రెండే. మొదటిదానిలో ఆమె రెండు అధికరణముల మాటలను ప్రక్కప్రక్కన పెట్టినది. ముప్పదవదానిలో "హక్కు" అని యున్నది. అది ప్రాథమిక హక్కు గనుక భంగమైనప్పుడు 32వ అధికరణము క్రింద నేరుగా సుప్రీంకోర్టుకు పోవచ్చును. 350-ఎ లో ఉన్నది "ప్రయత్నము". ప్రయత్నము చాలలేదని ఎవరు నిరూపించుట? పైగా అది ప్రాథమిక దశకే పరిమితము. 2014 మే 6వ తేదీన కర్ణాటక మాధ్యమపు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, 350-ఎ ని ఆధారము చేసికొని ప్రభుత్వము మాతృభాషా మాధ్యమమును నిర్బంధింపజాలదని చెప్పిన సంగతియు వెదకి తెచ్చినది. అంతట మరియొక విద్యార్థి, "అయితే 350-ఎ ఉండి ప్రయోజనమేమి?" అని అడిగెను. ఆరవనాటి పోస్టు దానికి బదులు. బడి కట్టుకొనగల శక్తి ఉన్న సంఘమునకు 30వ అధికరణము రక్ష. బడి కట్టుకొనుటకు డబ్బు లేని నాలుగు కుటుంబములు ఒక యూర ఉన్నయెడల, వారి పిల్లవానికి హక్కు కాగితముపైననే యుండును. వాని తరపున ప్రభుత్వమును అడుగుటకు 350-ఎ తప్ప వేరు ఆధారము లేదు. కావున ఏది బలమైనదని అడుగుటకంటె ఎవరికి ఏది పనికివచ్చునని అడుగవలెనని ఆమె వ్రాసినది. ఆ పోస్టు తరువాత వచ్చిన పదునొకండు పోస్టులును ఆ విషయము మీదనే నడచినవి. చర్చ మలుపు తిరిగినది ఆమె వలననే.

యంత్రము లెక్కించినది: రెండు పోస్టులు, నాలుగు మార్కులు.

కళాశాల తలుపులు తెరచిన పిమ్మట ఆ అమ్మాయి తండ్రి నాయొద్దకు వచ్చెను. ఆయనది చిన్న కిరాణా దుకాణము. చేతిలో ఆ రెండు పోస్టుల అచ్చుప్రతులును, ఒక నోటుబుక్కును ఉన్నవి. "సారూ, నాకు ఇంగ్లీషు రాదు. మా పాప ఈ రెండు కాగితాలకు మూడు రాత్రులు కూర్చుంది. ముందు తెలుగులో రాసుకుంది, ఈ బుక్కులో ఉంది చూడండి. తర్వాత ఇంగ్లీషు చేసింది. మార్కులు పెంచమని నేను రాలేదు. మీరు దీన్ని చదివారా అని అడుగుదామని వచ్చాను" అనెను.

నేను చదువలేదు. ముప్పది యేండ్లు పాఠము చెప్పినవాడను, ఆ కిరాణా వర్తకుని యెదుట ఆ మాట చెప్పవలసివచ్చినది. ఆయన కోపపడలేదు. నోటుబుక్కు నా బల్లమీద పెట్టి, "తీరినప్పుడు చదవండి" అని వెళ్ళిపోయెను. ఆ రాత్రి చదివితిని. పైన వ్రాసినది అప్పుడు తెలిసికొన్నదే. మార్కులు అప్పటికే పైకి పంపబడియుండెను. దిద్దుటకు అనుమతి కోరుచు నేను వ్రాసిన లేఖకు గడువు దాటినదని బదులు వచ్చినది. ఆ నాలుగు నాలుగుగనే నిలిచినవి.

తరువాత ఆ సంవత్సరపు పోస్టులన్నిటిని వెనుకకు తిరిగి చదివితిని. ఎన్ని వేసిన అన్ని మార్కులు అను నియమము పిల్లలకు ఏమి నేర్పినదో అప్పుడు కనబడినది. ఒక అభిప్రాయమును మూడు ముక్కలు చేసి మూడు పోస్టులుగా వేయుట నేర్చిరి. గడువు ఆదివారము రాత్రి పండ్రెండు గంటలకు ముగియును గనుక, శనివారము వరకు నిర్మానుష్యముగ నున్న వేదిక ఆదివారము పదిగంటలకు సంతవలె నిండెను. ఇక పొగడ్తల సంగతి. నీవు నా పోస్టుకు బదులు వేయుము, నేను నీ పోస్టుకు వేసెదను అను ఒడంబడిక. పెండ్లిండ్లలో చదివింపులు వ్రాసికొని, వారింట పెండ్లి అయినప్పుడు అంతయే తిరిగి చదివించుట వంటిది. ఇందుకు పిల్లలను తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. గడియారముతో కొలిచినచో గడియారమునే చూచెదరు.

అట్లని మార్కులే లేకుండ చేయుదమా యనిన, అదియు ప్రయత్నించితిని. తరువాతి సెమిస్టరులో మొదటి ప్రశ్నకు ఆరుగురు వ్రాసిరి, రెండవదానికి ఇద్దరు. మార్కులు లేని పని మంచిదేయైనను, ఏడు పేపర్లు చదువు పిల్లవాడు దానికి సమయమీయలేడు. మార్కు ఉండవలెను. అది దేనికో మాత్రము తేల్చుకొనవలెను.

దీనికి మనవారి యోచన ఒకటి నాకు ముందుగా సాయపడినది. గౌతముని న్యాయశాస్త్రములో చర్చను మూడు తెగలుగా విభజించిరి: వాదము, జల్పము, వితండము. సత్యమును తెలిసికొనగోరి ఇరుపక్షముల వారును ప్రమాణములతో మాటలాడుట వాదము. గెలుపే లక్ష్యముగా మాటలాడుట జల్పము. తనకంటూ ఒక పక్షము నిలుపక ఎదుటివాని మాటను ఖండించుటయే పనిగా పెట్టుకొన్నది వితండము. "వితండవాదము" అని మనము ఇండ్లలో అనుచుందుము గాని, శాస్త్రములో ఈ రెండును వేరువేరు. నేటి ఆన్‌లైన్ చర్చలో నాలుగవ తెగ యొకటి చేరినది, అదియే ఊ కొట్టుట. గౌతమునికి దానితో పనిపడలేదు, ఆయన పోస్టులు లెక్కింపలేదు గనుక! ఒక పోస్టును చేత పట్టుకొని, ఇది ఈ నాలుగింటిలో ఏది అని అడిగినచో, మార్కుల పని సగము తీరును. అష్టావధానములో అప్రస్తుత ప్రసంగమునకు ఒక పృచ్ఛకుడు ఉండును, అక్కడ అది శోభయే. తరగతి చర్చలో ఆ స్థానము ఖాళీగా నుండుట మేలు.

పాశ్చాత్య పండితులును ఈ విషయమై చాల శ్రమపడిరి. కెనడా దేశపు ఫ్రాన్స్ ఆన్రీ అను విదుషి 1992లోనే కంప్యూటరు మూలమున జరుగు చర్చలను పరిశీలించుటకు ఐదు కోణములు సూచించినది. అందులో ఎన్ని వ్రాసిరి అనునది ఒక కోణము మాత్రమే. ఒకరితో ఒకరికి గల స్నేహభావము, ఒకరి మాట మరియొకరి మాటను అందుకొనుట, ఆలోచనలోని లోతు, తన ఆలోచనను తానే పరీక్షించుకొనుట మిగిలిన నాలుగు. ఐదింటిలో ఒక్కదానికే నేను పదికి పది మార్కులు ఇచ్చుచుంటినన్నమాట.

అదే దేశములోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అను ముగ్గురు 2000 సంవత్సర ప్రాంతమున చేసిన కృషి నాకు ఇంకను ఉపకరించినది. ఆలోచన నాలుగు మెట్లు ఎక్కునని వారి యభిప్రాయము. మొదట ఒక చిక్కు ఎదురగును. పిమ్మట నలుగురు నాలుగు మాటలు తెచ్చి పోయుదురు. అటుపిమ్మట ఆ మాటలను ఒకదానితో నొకటి కలిపి ఒక అర్థము కూర్చుదురు. చివరకు ఆ యర్థము నిలుచునా లేదా యని పరీక్షించి తేల్చుదురు. మన ఉదాహరణలో "350-ఎ ఉండి ప్రయోజనమేమి?" అను ప్రశ్న మొదటి మెట్టు. "ఎవరికి ఏది పనికివచ్చును" అను బదులు మూడవ మెట్టు. ఆ ముగ్గురును 2001లో ప్రకటించిన ఒక చిన్న పరిశీలనలో, నూటికి 42 పోస్టులు రెండవ మెట్టుననే ఉన్నవి. మూడవ మెట్టునకు 13, నాలుగవదానికి 4 మాత్రమే చేరినవి. చదువు వచ్చిన పెద్ద విద్యార్థులే అంతటితో ఆగినచో, మన పిల్లలు ఆగుటలో వింత లేదు. నన్నడిగిన, ఇందులో పెద్ద తప్పు ప్రశ్నది. "అల్పసంఖ్యాకుల హక్కులను గూర్చి చర్చింపుము" అనిన పిల్లవాడు పుస్తకములోని పుటను దింపును. "ఈ యూరిలో పదునైదుగురు పిల్లలున్నారు, వారికి బడి లేదు. నీవు జిల్లా అధికారికి వ్రాయు అర్జీలో ఏ అధికరణము పేర్కొందువు? ఎందుకు?" అనిన దింపుటకు పుట లేదు.

మరియొక చిన్న ఏర్పాటు. మూడుల్‌లో ఒక రకపు వేదిక కలదు. అందు విద్యార్థి తన సొంత సమాధానము వేయువరకు ఇతరులు వ్రాసినవి అతనికి కనబడవు. మొదటి పోస్టుకు దానిని వాడితిని. పదిమంది పోస్టులు చూచి పదకొండవది అల్లు వారికి అది ఇబ్బందిగా నుండెను గాని, వేచియుండి మాటలాడు పిల్లలకు మేలు చేసినది. తమ మాటను మరియొకరు ముందే చెప్పివేసిరను బెంగ వారికి పోయినది.

కొన్ని సెమిస్టరులు దిద్దుకొనగా నిలిచిన పద్ధతి ఇది. సెమిస్టరుకు పది చర్చలకు బదులు మూడే. ప్రతి చర్చ చివర విద్యార్థి తాను వేసినవానిలో మంచివని తోచిన రెంటిని తానే యెన్నుకొని, అవి చర్చకు ఏమి చేర్చినవో ఐదారు పంక్తులలో వ్రాసి పంపవలెను. మార్కులు వానికే. చెప్పినదానికి పాఠమునుండి గాని అనుభవమునుండి గాని ఆధారము చూపెనా? దీనికి నాలుగు. తోటివాని మాటను సరిగా చదివి, దానిని ముందుకు నడిపెనా, లేక సరియైన ప్రశ్నతో ఆపెనా? దీనికి నాలుగు. ఇతరులకు బదులు చెప్పుటకు వ్యవధి ఉండునట్లు వేళకు వేసెనా? దీనికి రెండు. ఇంగ్లీషులోని తప్పులకు మార్కు తగ్గింపలేదు. భావము తెలియనంతగా తప్పులున్నచో పిలిచి అడిగితిని. మంచి ప్రశ్న ఒకటి వేసి ఊరకున్నవానికిని పూర్తి మార్కులు రావచ్చును. ఈ మాట మొదట పిల్లలు నమ్మలేదు. ప్రశ్న అడుగుట తెలియనితనమునకు గుర్తు అని వారికి ఎవరు నేర్పిరో గాని, ఆ భయము వదలించుటకే ఒక సెమిస్టరు పట్టినది.

ఇందు శ్రమ లేదని చెప్పను. అరువదిరెండు మందికి రెండేసి పోస్టులు నూట ఇరువదినాలుగు. ఒక్కొక్కదానికి నాలుగు నిమిషములు వేసికొన్నను ఎనిమిది గంటలు దాటును. యంత్రము క్షణములో చేసిన పని ఇది. నూరుమంది ఉన్న తరగతులకు ఒక్క ఉపాధ్యాయుడు ఉన్నచోట ఇది ఎట్లు సాగునని నా మిత్రులడిగిరి. అచ్చట చర్చకు మార్కులు పెట్టకుండుట మేలని నా యభిప్రాయము. చదువకుండ వేయు మార్కు, ఎక్కువ వేసినను తక్కువ వేసినను, అన్యాయమే.

చదువుచు వ్రాయని పిల్లల మాట యేమి? ప్రతి తరగతిలోను ఇట్టివారు ఉందురు. ఎవరు ఏ పుట తెరచిరో యంత్రము చూపును గాని, తెరచుట చదువుట కాదు, దానికి మార్కు వేయలేము. అయితే వారిని సోమరులనుటయు తగదు. అట్టివారిలో కొందరికి, వారము చివర చర్చ యంతటిని ఒక పుటలో సంగ్రహించు పని అప్పగించితిని. చర్చ అంతయు చదివినవాడే ఆ పని చేయగలడు. ఒక్క మాటయు పెగలని పిల్లవాడొకడు వ్రాసిన సంగ్రహమును తరగతి యంతయు పరీక్షకు ముందు చదువుకొన్నది.

ఇక మన పిల్లలకు ప్రత్యేకించి వర్తించు సంగతి. వీరికి ఇంట తెలుగు, వీధిలో తమిళము, కళాశాలలో ఇంగ్లీషు. తెలుగులో తోచిన భావమును ఇంగ్లీషులోనికి మార్చి, తప్పులు దిద్ది, పదిమంది చూచు చోట పెట్టుటకు వ్యవధి పట్టును. అమెరికాలో మేరీ బడ్ రో అను విద్యావేత్త తరగతి గదులను పరిశీలించి 1970వ దశకములో ఒక సంగతి వెల్లడించినది. ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు సగటున ఒక్క సెకండు మాత్రమే ఆగి, మరియొకరిని అడుగుట యో, తానే చెప్పివేయుట యో జరుగుచున్నదట. ఆ ఒక్కటి మూడు సెకండ్లైనచో పిల్లల సమాధానములు దీర్ఘముగ, ఆలోచనతో కూడి యుండెను. ఎన్నడును నోరు విప్పనివారు విప్పిరి. రెండు సెకండ్ల తేడా! వ్రాతలో జరుగు చర్చ మన పిల్లలకు మూడు సెకండ్లు కాదు, మూడు దినములు ఇచ్చుచున్నది. ఎదుటి తరగతిలో తల వంచుకొని కూర్చుండు పిల్లకు ఇంతకంటె మంచి అవకాశము వేరొకటి లేదు. అట్టి అవకాశమును పోస్టుల లెక్కతోను, "ముందు వేసినవారికి ముందు" అను నియమముతోను మరల లాగికొనుట జరుగుచున్నది. నా తరగతిలో జరిగినదియు అదే.

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చినది. యేబది మాటల పోస్టు కావలెననిన యంత్రము వేయి పోస్టులు వ్రాసి యిచ్చును. మాటలు లెక్కించు మార్కులకు దీనితో కాలము చెల్లినది. అందుకు విచారము లేదు. విచారమెక్కడ అనిన, యంత్రము వ్రాసినదానిని పట్టుటకని వచ్చిన పరికరముల యెడల. స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ఇట్టివి ఏడింటిని పరీక్షించిరి. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు తామే వ్రాసిన 91 వ్యాసములను వానికి చూపగా, సగటున నూటికి 61 వ్యాసములు యంత్రము వ్రాసినవని ఆ పరికరములు తప్పుగా చెప్పినవి. అమెరికా దేశపు పిల్లలు వ్రాసినవానిని మాత్రము దాదాపు సరిగా గుర్తించినవి. కారణము సులభము. పరభాషలో వ్రాయువారు తమకు వచ్చిన కొలది మాటలతో, తిన్నని చిన్న వాక్యములు వ్రాయుదురు. యంత్రము శైలియు అటువంటిదే. మన పిల్ల మూడు రాత్రులు కూర్చుండి వ్రాసినదానిని ఒక పరికరము దొంగవ్రాత యనవచ్చును. అప్పుడు ఆమెకు సాక్ష్యము ఆ తెలుగు నోటుబుక్కే.

కావున తలిదండ్రులకు నేను చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నవి. సెమిస్టరు మొదటనే, చర్చకు మార్కులు ఉన్నవా, ఉన్నచో ఏ లెక్కన వేయుదురు అని మీ పిల్లవానిచేత అడిగింపుడు. వ్రాతలో ఇచ్చినచో ఇంకను మంచిది. అడుగుట ధిక్కారము కాదు. ఇంట పిల్ల ఫోను పట్టుకొని రాత్రి పదిగంటలకు కూర్చున్నదనిన అది ఆటయో, సినిమాయో అని లాగివేయకుడు. ఏమి వ్రాయుచున్నావని అడుగుడు. తెలుగులో చెప్పుమనుడు. మీకు చెప్పుచుండగనే తన వాదములోని వెలితి ఆమెకు తెలియును. ఇంగ్లీషు రాని తండ్రి ఈ పనికి పనికిరాడని అనుకొనకుడు. ఆ కిరాణా వర్తకుడు తన కూతురు బడి లేని ఊరి సంగతి ఎందుకు వ్రాసెనో నాకు తరువాత చెప్పెను. ఆయన పుట్టిన యూరిలో తెలుగు పిల్లలు ఏడుగురే, బడి లేదు. ఆ కథ ఆయనయే ఆమెకు చెప్పియుండెను. తెలుగు చిత్తుప్రతులను పారవేయకుండ తేదీలు వేసి ఉంచుడు. మార్కు తక్కువ వచ్చినచో ఎందుకు వచ్చినదని ఉపాధ్యాయుని మర్యాదగా అడుగుడు. గడువు ముగియకముందే అడుగుడు. నేను ఆ రాత్రి చదివినను లాభము లేకపోయినది ఆ గడువు వలననే గదా.

మన పాఠశాలలో తొమ్మిదవ, పదవ తరగతులవారికి ఈ సంవత్సరము శనివారములలో కాగితముమీద చర్చ జరిపించుచున్నాము. గోడకు పెద్ద కాగితము అంటించి, పైన ప్రశ్న వ్రాయుదుము. వారము దినములలో ఎవరికి తోచినప్పుడు వారు దానిక్రింద తెలుగులో వ్రాసి పేరు పెట్టవలెను. ఒకరి మాటకు బదులైనచో గీత గీసి దానితో కలుపవలెను. కంప్యూటరు అక్కరలేదు. మొదటి వారము "బాగున్నది" అనునవి ఇరువదిమూడు వచ్చినవి. ఐదవ వారమునకు నాలుగు. మార్కుల పట్టిక యొక ప్రతిని, ఆ అమ్మాయి అనుమతితో ఆమె నోటుబుక్కులోని రెండు పుటల నకలును గ్రంథాలయములో ఉంచితిమి. చూడగోరువారు ఏ శనివారమైనను ఉదయము పదిగంటల తరువాత రావచ్చును. గోడమీది కాగితమును అప్పుడే చూడవచ్చును.